సగం మిగిలిన డబ్బా

పొయ్యి మీద టీ నీళ్లు పెట్టి, నోలీన్ తడి తువ్వాలుతో భర్త వీపు తుడుస్తోంది. క్వీన్స్‌లాండ్‌లో జనవరి అంటే నడివేసవి, ఎండ పొద్దున్నే చురచురలాడుతుంది. ఆ ఎండలో పుట్టి, ఆ ఎండలోనే ముసలైన వీపు మెర్వ్‌ది. చొక్కా వేసుకుని చెరకు తోటలో ట్రాక్టరు నడిపేవాణ్ణి వాళ్ల నాన్న మగాడి కింద లెక్కవేసేవాడు కాదు. ఇక కొడుకులు చొక్కాలు ఎందుకు తొడుక్కుంటారు?

వీపు మధ్య నాణెమంత మేర గులాబీరంగు చర్మం నున్నగా మెరుస్తోంది. అది చూసినప్పుడల్లా నోలీన్‌కు గర్వంగానే ఉండేది. ఇవాళ ఆమె చెయ్యి చంక కిందికి జారి అక్కడే ఆగిపోయింది. శెనగగింజంత గడ్డ. నొక్కితే కదల్లేదు.

"ఇదేంటి మెర్వ్?"

"మొన్న రంపం పట్టి చెట్టు కోశాగా, నరం పట్టేసుంటుంది. నువ్వెప్పుడు డాక్టరువయ్యావే, ముసలిదానా?"

"ముసలిదాన్ని తర్వాత ఆడిపోసుకుందువు గాని. ఎన్నాళ్లనుంచి ఉంది?"

"టీ పొంగుతోంది చూడు," అని అతను చొక్కా అందుకున్నాడు. ఇంట్లో కూర్చునేటప్పుడే చొక్కా వేస్తాడు ఆ మహానుభావుడు.

చెవుల మీద, ముక్కు మీద లేచే గరుకు పొక్కుల్ని టౌన్లో డాక్టరు చల్లటి మందు కొట్టి రాల్చేస్తుంటే మెర్వ్ ఎప్పుడూ కిక్కురుమనలేదు. ఆ ఊరి మగాళ్లకు అదీ క్షవరం లాంటిదే. కానీ నిరుడు వీపు మీద అంచులు చెదిరిన నల్ల మచ్చ లేచినప్పుడు మాత్రం డాక్టరు పేరెత్తనివ్వలేదు. అన్న లెస్ అలాంటిదే కోయించుకుని, ఏడాది తిరక్కుండానే పోయాడు. కత్తి తగిలితే అది ఒళ్లంతా పాకుతుందని మెర్వ్ గుండెలో పాతుకుపోయింది. లెస్ కొట్టంలో గుర్రాల పులిపిర్లకు వాడే నల్లటి పూతమందు డబ్బా, సగం వాడేసినది, దొరికింది. వీపుకు తన చెయ్యి అందదు కాబట్టి నోలీనే పూసింది. అతను దిండు కొరుక్కుంటూ ఆ మంట భరించాడు. చివరికి నల్లటి పెచ్చు ఊడిపడితే, "వేరుతో సహా వచ్చేసింది" అని జామ్ సీసాలో దాచాడు. వచ్చినవాళ్లకల్లా అదే ప్రదర్శన. పక్క తోట కెవ్‌కు పిక్క మీద నల్ల మచ్చ లేచిందట. మిగిలిన మందు పట్టుకెళ్లడానికి ఇవాళ వస్తానన్నాడు.

కాసేపటికి కూతురు కెరిన్ కేకు పట్టుకుని వచ్చింది. కప్పు అందుకోబోయిన తండ్రి చెయ్యి సగంలో ఆగడం ఆమె కంటబడింది.

"ఏమైంది నాన్నా?"

"ఏం లేదు."

"చంకలో గడ్డ ఉంది," అంది నోలీన్. అన్నాక గానీ ఆ మాట బయటికొచ్చిందని ఆమెకు తెలియలేదు.

కెరిన్ కేకు పక్కన పెట్టింది. బల్ల మీద కెవ్ కోసం సిద్ధంగా ఉన్న డబ్బానూ, పక్కనే ఉన్న సీసానూ చూసింది. "ఇదా ఆ మందు? అమ్మా, ఇది పైతోలును కాల్చేస్తుంది. పైన మానినట్టే ఉంటుంది, అడుగున మిగిలిన క్యాన్సరు చాపకింద నీరులా పాకుతుంది. పెదనాన్నను చంపింది కత్తి కాదు, ఆలస్యం."

"నీ పెదనాన్నను ఆసుపత్రికి మోసుకెళ్లింది నేను, నువ్వు కాదు," అని మెర్వ్ కసిరాడు. "నోరు మూసుకో."

కెరిన్ డబ్బా మూత తీసి అతని ముందు పెట్టింది. "నువ్వు తెచ్చేసరికే ఇది సగమైందట కదా. ఆ పైసగం ఎవరు వాడారు నాన్నా?"

"గుర్రాలకు వాడుంటాడు."

నోలీన్ చేతిలో తువ్వాలు జారిపోయింది.

"లెస్‌కి గుర్రాలెక్కడివి మెర్వ్?" అంది మెల్లగా. "ఆఖరిదాన్ని అమ్మేసి ఎన్నేళ్లయింది?"

మెర్వ్ డబ్బాను దగ్గరికి లాక్కుని చూశాడు. లోపలి అంచున నోలీన్‌ది కాని లావుపాటి వేలు గీసిన గాడి ఎండిపోయి ఉంది.

"లెస్ ఓసారి ఏటి దగ్గర చొక్కా విప్పి చూపించాడు," అన్నాడు. "భుజం మీద... నాకున్నట్టే, గులాబీరంగు. మానిపోయిందిరా తమ్ముడూ అని నవ్వాడు. డాక్టరు కోసిన మచ్చనుకున్నాను. కానీ ఆసుపత్రికెళ్లి కోయించుకున్నది ఆ తర్వాతే కదూ?"

నోలీన్‌కు దుఃఖం ఆగలేదు. "నా చేత్తోనే పూశానే," అని ఏడ్చింది.

"పుయ్యమన్నది నేను," అని మెర్వ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కెరిన్, ఇవాళ డాక్టరు చూస్తాడా?"

"వెళ్లి కాసేపు కూర్చుంటే చూస్తాడు. ఆ గడ్డలో సూది పెడతారు, ఒళ్లంతా స్కాన్ తీస్తారు. పెదనాన్నప్పుడు లేని మందులు ఇప్పుడున్నాయి నాన్నా. ఎంతదాకా పాకిందో మాత్రం నేను చెప్పలేను."

అతను తలూపాడు. డబ్బా, సీసా రెండూ సంచిలో వేసుకున్నాడు. మేకుకు వేలాడుతున్న వెడల్పాటి టోపీ దులిపి పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో అతను దాన్ని పెళ్లిళ్లకు తప్ప పెట్టుకోగా నోలీన్ చూడలేదు.

కెరిన్ కారు గేటు దాటుతుండగా చొక్కా లేకుండా, పొట్టి లాగుతో కెవ్ ఎదురొచ్చాడు. "ఏరా, నా మందేదీ?" అన్నాడు నవ్వుతూ.

మెర్వ్ కారు ఆపించి తలుపు తీశాడు.

"మందు కోసమే వెళ్తున్నాం," అన్నాడు. "చొక్కా తొడుక్కుని వచ్చి ఎక్కు. లెస్ సంగతి దారిలో చెబుతాను."