తుమ్మికూర దొరికిన చేను

“అక్కడ తెంపకుండ్రి.”

స్నిగ్ధ తుమ్మికొమ్మ పట్టుకునే తల తిప్పింది. కాజీపల్లి కాలువ గట్టు మీద బండి ఆపి, కంపెనీ యూనిఫాంలో ఒక అబ్బాయి నిలబడి ఉన్నాడు.

తెల్లారితే వినాయక చవితి. ఆ రోజు తుమ్మికూర వండకపోతే నాయనమ్మ నర్సింహమ్మకు అది పండుగే కాదు. మోకాళ్ల నొప్పితో కదలలేక, డిగ్రీ పూర్తయిన మనవరాలికి మొదటిసారి ఆ పని అప్పగించింది. ఊరి చుట్టూ చేలన్నీ ప్లాట్లయిపోయాయి. తిరిగి తిరిగి చివరికి ఇక్కడ దొరికిందనుకుంటే, మధ్యలో ఇతనొకడు.

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే స్నిగ్ధకు గొంతు పెగలదు. కూర జోలికొస్తే మాత్రం ఊరుకోదు.

“ఎందుకు? గిది తుమ్మి కాదా?”

“తుమ్మే. ఆకు మంచిదే, జాగ మంచిది కాదు. ఈ కాలువల కంపెనీల నీళ్లొస్తయి. నేను ల్యాబ్‌ల పనిచేస్త, నాకెరుక.”

నువ్వు కోసుకుపోవడానికా ఈ కథలన్నీ అని అడగబోయి ఆగింది. గట్టు మీద అంత గడ్డి ఉంటే, అటుగా పోతున్న బర్రెల్లో ఒక్కటీ మూతి పెట్టడం లేదు. పశువు ముట్టని చోట నువ్వూ ముట్టకని నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. సంచి బోర్లించేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అతను కంగారుపడ్డాడు. తన పేరు శ్రావణ్‌కుమార్ అనీ, గుట్ట కింద వాళ్లమ్మ కందిచేను ఉందనీ, అక్కడ గడ్డిమందు కొట్టరనీ గబగబా చెప్పేశాడు. బండెక్కమంటే ఆమె ఎక్కలేదు. దాంతో బండి నెట్టుకుంటూ పక్కనే నడిచాడు. తుంపర మొదలైంది. ఇద్దరిలో ఎవరూ జల్దీ నడవలేదు.

చేలోకి దిగగానే అతను గుప్పెడు ఆకు కోసి గర్వంగా చూపించాడు. అది అడవితులసి. స్నిగ్ధ నవ్వాపుకుని, ఆకు నలిపి వాసన చూడమంది. తుమ్మి ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుందనీ, తెల్లపూలు కణుపు చుట్టూ గుత్తిగా కూర్చుంటాయనీ, ఏమాత్రం అనుమానమొచ్చినా వదిలేయాలనీ చెప్పింది. అతను బుద్ధిగా తలూపాడు.

“ఆకు చూడుండ్రి, నన్ను కాదు,” అంది. అన్నాక తనకే సిగ్గేసింది.

నిండు సంచితో ఇల్లు చేరేసరికి, పక్కింటి పోశమ్మ దారిలో చూసినదంతా నాయనమ్మకు చేరవేసింది.

“చవితి చంద్రుణ్ని చూడకముందే నింద పడ్డదే బిడ్డా,” అంది నాయనమ్మ. స్నిగ్ధ కాలువ దగ్గర్నుంచి చేను దాకా జరిగిందంతా దాచకుండా చెప్పింది. విని ముసలామె, ఆ పిలగాన్ని రేపు బువ్వకు పిలవమంది. ఫోన్ నంబరుందా అంటే స్నిగ్ధ తల దించుకుంది. ఉంది.

మర్నాడు నాయనమ్మ అతని విస్తట్లోనే మొదట కూర వడ్డించింది.

“నీ చేను కూర. ముందుగాల నువ్వే తిను, పిలగా.”

తిన్నాడు. మళ్లీ వేయించుకున్నాడు. విస్తరిలోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

“వచ్చే చవితికి గూడ మా చేనుకే పంపుండ్రి, నాయనమ్మా.”

“నన్నడుగుతవేంది? నడిచే కాళ్లు దానియి. దాన్నే అడుగు.”

తలుపు పక్కన నిలబడ్డ స్నిగ్ధ ఒకడుగు ముందుకేసింది. ఈసారి గొంతు పెగిలింది.

“చవితి దాకా ఎందుకు? మీ చేన్ల దొగ్గలికూర గూడ మస్తుగున్నది. ఆదివారం వస్త.”

శ్రావణ్‌ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాయనమ్మ నవ్వుకుంటూ, అడగకుండానే ఇంకో గంటెడు కూర వేసింది.