ఏ పక్షమూ కాని మొగుడు

ఎన్నికలకు ముందురోజు, సోమవారం పొద్దున్న ఏవిస్ లేచి పొయ్యిలో రెండు కట్టెలు పడేసి, కాఫీ పెట్టి, కిటికీలోంచి చూసింది. వాకిట్లో తన పేరున్న ఎన్నికల బోర్డు లేదు. వరసగా ఇది పదకొండో రోజు. ఆమె రోజూ పాతుతోంది, తెల్లారేసరికి ఎవరో పీకేస్తున్నారు. ఆ ఎవరో ఎవరంటే, నలభై మూడేళ్ళుగా కాపురం చేస్తున్న మొగుడే.

"ఎక్కడ పెట్టావయ్యా?" అంది, వంటింట్లోకి వచ్చిన ఎల్విన్‌తో.

"షెడ్డులో. తడవకుండా గోనె కప్పాను."

"మహా ఉపకారం చేశావు."

"ఏవిస్, ఎన్నికలు నడిపేవాడి వాకిట్లో అభ్యర్థి బోర్డు ఉండకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళ నుంచీ లేదు."

"ముప్పై ఒక్క ఏళ్ళలో నీ పెళ్ళాం నిలబడలేదు మరి."

ఆ ఊరికి ఎన్నికల పెద్ద ఎల్విన్ డ్రౌన్. ఓట్ల కాగితాలు చేత్తో లెక్కపెట్టించి, చెక్క సుత్తితో బల్ల మీద కొట్టి ఫలితం చదివేది ఆయనే. తగవులొచ్చినా ఆయన దగ్గరికే వెళ్ళేవారు. "నేను ఏ పక్షమూ కాదు" అన్నది ఆయన ఊతపదం, గర్వం కూడా. ఇరవయ్యారేళ్ళు స్కూలు బస్సు నడిపిన ఏవిస్ అరవయ్యేడేళ్ళ వయసులో గవర్నరు మండలికి పోటీ చేస్తానన్నప్పుడు ఊరంతా నవ్వింది, ఆయన మాత్రం నవ్వలేదు. అలాగని సంతోషించనూ లేదు.

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ఆ మండలి అంటే ఐదుగురు, జిల్లాకొకరు. రాష్ట్రం సొమ్ము ఏ పనికి వెళ్ళాలన్నా రెండు వారాలకోసారి బుధవారం ఆ ఐదుగురూ బల్ల చుట్టూ కూర్చుని సరే అనాలి. మార్చిలో ఆ బల్ల మీదకి పాత పోస్టాఫీసు వెనకున్న ఇంటికి డబ్బిచ్చే కాగితం వచ్చింది. మత్తుమాత్రలు మానిన వాళ్ళు తేరుకునే ఇల్లది. ఏవిస్ కొడుకు పెర్లీ అక్కడే మనిషయ్యాడు, రెండేళ్ళుగా అక్కడే ఉంటూ వంట చేస్తున్నాడు. ముగ్గురు వద్దన్నారు, ఇద్దరు సరేనన్నారు. ఆ మూడో చెయ్యి వాళ్ళ జిల్లా సభ్యుడు నోరిస్ హాచ్‌ది. చర్చి చందాలు క్రిస్మస్ దాకా వస్తాయి. ఆ తర్వాత తలుపులు మూతే. అతని మీద ఏవిస్ గెలిస్తే ఆ కాగితం మళ్ళీ బల్ల మీదకి వస్తుంది.

పెర్లీ అక్కణ్ణించి వచ్చి తండ్రి పక్కన కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇంకా బెదురుగానే కూర్చుంటాడు.

"అమ్మా, నాన్నని వదిలెయ్. నా ఒక్కడి కోసం మీరిద్దరూ ఇలా..."

"నీ ఒక్కడి కోసం అని ఎవరన్నారు? పద్నాలుగు మంది ఉన్నారక్కడ. అందులో తొమ్మిది మందిని నా బస్సులో బడికి తీసుకెళ్ళాను. ఎవడు ఏ మలుపు దగ్గర ఎక్కేవాడో కూడా చెప్తాను." ఆమె గుడ్లు వేయించే గరిట మొగుడి వైపు తిప్పింది. "ఆ నోరిస్ చెయ్యెత్తే ముందు ఈ ఊళ్ళో ఒక్కణ్ణైనా అడిగాడా?"

ఎల్విన్ కప్పు కింద పెట్టాడు.

"అడిగాడు."

"ఎవర్ని?"

"నన్ను. ముందురోజు ఫోన్ చేశాడు. ఆ ఇల్లు ఉండాలా వద్దా ఎల్విన్, నువ్వు చెప్పు, రేపు అలాగే చేస్తాను అన్నాడు. నేను ఏ పక్షమూ కాదు, నన్నడక్కు అన్నాను."

పొయ్యి మీద గుడ్లు మాడుతున్నాయి. ఎవరూ తీయలేదు.

"నీ కొడుకు పడుకునే ఇల్లు," అంది ఏవిస్. "మాత్రలు మింగి పడున్న వాణ్ణి స్నానాలగది నేల మీంచి ఎత్తింది మనిద్దరం. అప్పుడు నువ్వు ఏ పక్షం?"

పెర్లీ లేచాడు. "సరేలే నాన్నా," అన్నాడు మెల్లగా, కోటు తీసుకుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఏవిస్ షెడ్డులోంచి బోర్డు తెచ్చి, గొడ్డలి వెనక్కి తిప్పి దిగ్గొట్టింది. "ఇప్పుడు పీకి చూడు," అని వాకిట్లోంచి అరిచింది. ఆ రోజు ఎల్విన్ బయటికి రాలేదు.

మంగళవారం మంచు కలిసిన వాన. ఊరి హాలు ముందు తాడు కట్టారు, అది దాటి బోర్డులు తీసుకెళ్ళకూడదు. తాడు ఇవతల, దారికి ఒక వైపు నోరిస్ హాచ్, గొడుగుల కింద పదిమంది మనుషులు. రెండో వైపు బస్సు నడిపిన రోజుల నాటి పసుపు కోటులో ఏవిస్, రెండు బోర్డులు, పెర్లీ తెచ్చిన కాఫీ. వేళ్ళు కొయ్యబారాయి. అయినా సరే, పోలింగు ముగిసేదాకా కదలనని ఆమె పంతం.

పదకొండింటికి హాలు తలుపు తెరుచుకుంది. ఎల్విన్ బయటికొచ్చాడు. ఓట్లు లెక్కయ్యేదాకా ఆయన ఆ గుమ్మం దాటడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఛాతీ మీద ఎన్నికల పెద్ద బిళ్ళ లేదు.

"లోపల ఎవరున్నారు?" అంది ఏవిస్ కంగారుగా.

"నా కింద పనిచేసే బెర్నిస్. ప్రమాణం చేయించి, సుత్తి ఆమెకిచ్చేశాను. ఈ రోజు నేను అక్కడ కూర్చోకూడదు. నిన్ననే ఆలోచించాల్సింది. మార్చిలోనే ఆలోచించాల్సింది." తాడు దాటి చెయ్యి చాపాడు. "ఆ రెండోది ఇటివ్వు."

ఏవిస్ ఇవ్వలేదు. "నా మీద జాలితో అయితే లోపలికి పో."

"జాలి కాదు. తప్పు చేశాను. పెర్లీ మొహం చూడలేకపోతున్నాను."

పెర్లీయే బోర్డు తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

అటువైపు నుంచి నోరిస్ నవ్వుతూ కేకేశాడు. "ఏంటి ఎల్విన్, నువ్వు ఏ పక్షమూ కాదుగా?"

"మార్చిలో నన్నో మాట అడిగావు నోరిస్," అన్నాడు ఎల్విన్, ఓటు వేయడానికి వరసలో నిలబడ్డవాళ్ళందరికీ వినబడేలా. "జవాబు ఇప్పుడు చెప్తున్నాను. ఆ ఇల్లు ఉండాలి. అందులో నా కొడుకున్నాడు."

పెర్లీ అటు తిరిగి మొహం తుడుచుకున్నాడు. ఏవిస్‌కి కళ్ళు నిండి ఎదుటి మనుషులు కనబడలేదు, అయినా తగ్గలేదు.

"ఇంకొంచెం పైకి పట్టు," అంది. "నా పేరు నీ టోపీ వెనకే ఉండిపోయింది."