ఒకటో బల్ల మీది గడియారం

"ఆదివారం అనకాపల్లిలో చదరంగం ఆడాలి," అన్నాడు చీఫ్.

"ఓడిపోవచ్చా సార్?"

"ఓడిపో. చచ్చిపోకు."

బ్రీఫింగ్ అంతే. అది 2006. జలాంతర్గామి పటం ఉన్న ఉక్కుపెట్టెను ఒక విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. పెట్టె తెరిచే కోడ్ వర్డ్ మాత్రం ఏజెంట్ త్రినాధరావు బుర్రలోనే ఉండిపోయింది. పెట్టె జాడ చెప్పడానికి మన లేడీ ఏజెంట్ ఒకామె పోటీలో కలుస్తుంది. కాబట్టి త్రినాధరావు ఎలమంచిలి ఎరువుల వ్యాపారి వేషం కట్టాడు. మీసం నకిలీ, వాసన అసలు.

రెండు రౌండ్లు గడిచాయి. మూడో రౌండులో అతనికి ఒకటో బల్ల పడింది. కొత్త డిజిటల్ గడియారం పట్టుకుని తీర్పు చెప్పే ఆర్బిటర్ బిందుమాధవి వచ్చింది. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, నడిచొస్తుంటే బంట్లు కూడా తలలు తిప్పేలా ఉంది.

"ఈ యేడు బెల్లం రంగు తక్కువ," అంది మెల్లగా.

"తీపి ఎక్కువ," అన్నాడు త్రినాధరావు. గుర్తింపు మాట కలిసింది. హాయిగా కుర్చీలో కూర్చున్నాడు. కింద ఏదో టిక్కుమంది.

"ఇక లేవకండి. లేస్తే పేలుతుంది," అంది బిందుమాధవి నవ్వుతూ. "నాకు జీతాలిచ్చేవాళ్ళు ఇద్దరు. రెండోవాళ్ళు బాగా ఇస్తారు. పెట్టె బయట నా జీపులోనే ఉంది. గడియారంలో బాంబుంది. చెరి ఇరవై నిమిషాలు. ఎత్తు వేసి మీట నొక్కితే మీ టైం ఆగి, అవతలివాళ్ళది నడుస్తుంది. ఎవరిది సున్నా అయినా..."

"ఆట పోతుంది."

"హాలు పోతుంది. నలభైమందితో సహా. కోడ్ వర్డ్ చెప్పండి, ఆపేస్తాను. కుర్చీ కూడా చల్లబడుతుంది. ఆపడం నాకొక్కదానికే తెలుసు. అరిచారో, నా పెన్నులో రిమోట్ ఉంది. నిమిషం మిగలగానే నేను జీపు దగ్గరికి వెళ్ళిపోతాను."

త్రినాధరావు బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. అనకాపల్లిలో ఆ రాయికి కొదవా! కూర్చున్నది గడిలో, తప్పించుకునే దారికి పడింది గడియ, ఎదురుగా గడియారం. మిగిలినవి గడియలే.

ఎదుటి కుర్చీలోకి బెల్లం వ్యాపారి అప్పలరమణ వచ్చి కూలబడ్డాడు. "ఏటి బావా, సెమటలు పోసేత్తన్నాయి? ఫేను ఎయ్యమంటావేటి?"

"వద్దు బావా. నువ్వు ఆడు. తొందరగా!"

"తొందరేటి? పాకం ముదరాల, ఎత్తు కుదరాల."

అప్పలరమణ గుర్రాన్ని పట్టుకున్నాడంటే నాలుగు నిమిషాలు మేపుతాడు. పదో ఎత్తుకే అతని వైపు మూడు నిమిషాలు మిగిలాయి. బిందుమాధవి వంగింది. "కోడ్ వర్డ్?"

ఆవిడ చెవి పక్కనుంచి తలుపు కనిపించింది త్రినాధరావుకి. దూరం పదిహేను అడుగులు. మధ్యలో ఆవిడ జారుకోవడానికి ఖాళీ. ఆ ఖాళీయే కొంప ముంచేది. అప్పుడు గుర్తొచ్చింది: పొద్దున్న రెండు రౌండ్లలోనూ రమణ టైం అయిపోవస్తుంటే, జనం తమ గడియారాలు నడుస్తున్నా సరే ఆటలొదిలేసి అతని బల్ల చుట్టూ మూగారు.

త్రినాధరావు మంత్రిని తీసి రమణ బంటు నోట్లో పెట్టాడు. మీట నొక్కాడు.

"మంత్రిని ఇచ్చీసేడ్రోయ్!" అని పక్కబల్లవాడు కేక పెట్టాడు. మంత్రి వస్తే జనం రావడం ఎక్కడైనా ఉన్నదే. మంత్రి పోతే రావడం అనకాపల్లిలోనే చూడాలి. నలభైమందీ బెల్లం మీద ఈగల్లా వాలారు.

రమణ గడ్డం పట్టుకున్నాడు. "ఉత్తినే ఇత్తాడేటి? ఇందులో ఏదో ఉంది."

1:00. బిందుమాధవి వెనక్కి తిరిగింది. వెనక దేముడని, బస్తాలు మోసే కూలీ, బస్తాలాగే నిలబడి ఉన్నాడు.

"జరగండి. నేను బయటికెళ్ళాలి."

"ఆర్బిటరమ్మే ఎలిపోతే ఎలాగమ్మా? సున్నా వత్తే ఎవులు సూత్తారు? ఇక్కడే ఉండాల." వెనకవాళ్ళు ముందుకు తోశారు. ఆవిడ నడుము బల్లకు నొక్కుకుపోయింది.

0:20. పెన్ను చేతిలోనే ఉంది. నొక్కితే ముందు పోయేది తనే.

"ఇప్పుడు మనది ఒకటే గడి మేడం," అన్నాడు త్రినాధరావు. ఎత్తుకు పై ఎత్తు వేశాడు గానీ, ఆవిడకు ప్రాణం మీద తీపి లేకపోతే?

0:09. రమణ ఏనుగును ముట్టుకున్నాడు. వదిలేశాడు.

0:04. బిందుమాధవి కళ్ళద్దాలు జారిపడ్డాయి.

0:02. ఆవిడ చెయ్యి గడియారం అడుగుకు దూరి చిన్న పిన్ను లాగింది.

0:01. అంకె అక్కడే నిలిచిపోయింది.

అదే క్షణంలో త్రినాధరావు వాచీ పట్టీ సాగి ఆవిడ మణికట్టుకు బేడీలా పడింది. "దేముడూ, ఆ పెన్ను తీసి నా జేబులో పెట్టు. నొక్కకు. మిగతావాళ్ళు బయట జీపు కదలకుండా చూడండి. అందులో దేశం సొత్తు ఉంది!"

జనం జీపు మీదికి పరుగెత్తారు. కుర్చీ చల్లబడిందని తెలిసినా, త్రినాధరావు మాత్రం దాన్ని వదల్లేదు.

అప్పలరమణ ఒక్కడే బోర్డు మీంచి తల ఎత్తి, మొహం చిట్లించాడు. "క్లాకు ఎవులు ఆపీసేరు? నాకింకా ఒక సెకను ఉంది. ఆలోసిత్తన్నాను కదా!"