ఎడంకి... రవ్వంత

చంద్రగిరి అవతల పాడుబడిన రాళ్ల క్వారీ ఒకటుండాది. పొద్దుగూకితే ఆ పక్క ఎవురూ పోరు. గుంత అంచున నిలబడి, క్రేను లేపే బండలకి 'ఎడంకి, కుడికి' అని దారి చెప్పే నాగులమ్మ ఆడనే, బండ జారి మీద పడి సచ్చిపాయ. అప్పట్నుంచి రాత్రిళ్లు గొంతు ఇనిపిస్తాదంట — "ఎడంకి... రవ్వంత..." ఆ మాట ఇని అడుగేసినోళ్లు ఇద్దురు గుంతలో పడినారు.

మా బాలచంద్రకి ఆ సోటే కావాల్సొచ్చింది. కాలేజీలో ల్యాబ్ అటెండరు. అద్దం తనే అరగదీసి టెలిస్కోపు చేసుకున్న మొండిఘటం. ఆకాశంలో దుమ్ము తెరకవతల, యాడో దూరాన, వేల చుక్కలు ముద్దగా ఉండాయంట. దాని ఫోటో తీయాల. ఆరేండ్లుగా అదే పిచ్చి. నా స్టూడియోలో కడిగిన ఫిల్ములన్నీ సెత్తబుట్టకే పోయినాయి.

తొంభై ఎనిమిది మేలో తిరుపతి కళ్ల డాక్టరు చెప్పేసినాడు — వానలు పడేలోపల వీడి చూపు పోతాదని. మిగిలింది ఒక్క అమావాస్య.

"ఆడికి వద్దప్పా," అన్నాన్నేను.

"ఆడైతేనే చీకటబ్బా. ఇంకెప్పుడు తీస్తాను?" అని ఏడిసినాడు.

ఒంటిగా పోయినాడు.

టెలిస్కోపుకి కెమెరా బిగించి, షట్టరు గంటసేపు తెరిసి పెట్టాల. అంతసేపూ ఒక చుక్కని కంటద్దంలో గీతల నడుమ నిలపతా, చేత్తో మర తిప్పతా ఉండాల. ఆ అద్దంలో ఒక్క కంటికే సందు. ఆకాశం జరగతానే ఉంటాది; కన్ను తీస్తే ఫోటోలో చుక్కలన్నీ గీతలుగా సాగిపోతాయి.

ఇరవై నిమిషాలకి... కంట్లో మబ్బు కమ్మింది. చుక్క లేదు. ఏమీ లేదు.

కన్ను అద్దానికే ఆనించి ఏడిసినాడంట. అప్పుడు — మెడ ఎనక సల్లగా ఊపిరి తగిలె.

"ఎడంకి... రవ్వంత..."

అయినా లేయలా. "అమ్మా, ఈ ఒక్క ఫోటో కానీ. ఆ తర్వాత నేను నీతోనే," అని గొణిగి, మర ఎడంకి తిప్పినాడు.

"సాలు... కుడికి..."

తెల్లారి మేకలోళ్లు చెయ్యి పట్టుకోని నా స్టూడియోకి తెచ్చినారు. రెండు కళ్లూ పోయినాయి. జరిగిందంతా చెప్పి, "పడిందా?" అన్నాడు.

ఫిల్ము కడిగి, ఫోటో వేసినా. చుక్కలన్నీ సూదితో పొడిసినట్టు ఉండాయి, ఒక్కటీ సాగలా. దుమ్ము ఎనక నుంచి మసగ్గా... ఆ ముద్ద.

"పడిందప్పా," అని ఫోటో చేతికిచ్చినా.

"యాడుండాది?" అంటా వేలు దాని మీద పెట్టి తడిమినాడు. తప్పుచోట ఆగింది.

చెప్పబోయినా. అంతలోనే వాడు తల కొంచెం పక్కకి వంచినాడు, ఎవురో చెప్తాంటే ఇన్నట్టు. వేలు ఎడంకి జరిగింది... రవ్వంత. సరిగ్గా ముద్ద మీద ఆగింది.

నేనింకా నోరు తెరవలా.