రోలర్ల మీద కొండ ఉండదు

"మీ గ్రాఫు బాగుంది. ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకోవచ్చు. కారు మాత్రం కొండెక్కట్లేదు."

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. కాగితం మీద రెండు గీతలు, రెండూ కుదురుగా పైకెళ్లి కుదురుగా దిగాయి. వారం క్రితం అతనే ఇచ్చిన కాగితం అది.

అతను ట్యూనర్. టర్బో ఉన్న కార్లకి గాలి ఎంత నెట్టాలి, పెట్రోలు ఎంత పోయాలి, నిప్పు ఎప్పుడు రాజెయ్యాలి అనే లెక్కలు కారు కంప్యూటర్లో సరిచేస్తాడు. ఆ పని షెడ్డులో డైనో అనే యంత్రం మీదే చేస్తాడు. కారును రోలర్ల మీదికి ఎక్కిస్తాడు. పట్టీలతో నేలకి బిగించి కడతాడు. ఎదురుగా పెద్ద ఫ్యాను పెడతాడు. మీటరు నూట ఇరవై చూపిస్తుంది, కారు అంగుళం కదలదు.

ఆమె డ్రైవింగ్ టీచర్. చిన్న టర్బో కారు, సొంత స్కూలు. నేర్చుకునేవాళ్ల కారు కాబట్టి పక్క సీట్లో కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకుంది.

"గ్రాఫు అబద్ధం చెప్పదు మేడమ్."

"అంటే నేను చెప్తున్నానా?"

"గేరు సరిగ్గా పడి ఉండదు."

డ్రైవింగ్ నేర్పే మనిషితో అనాల్సిన మాట కాదని అన్నాక తెలిసింది. మాట జారాక తెలిసి ఏం లాభం!

"పదకొండేళ్ల నుంచి గేర్లు నేర్పుతున్నానండీ," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మీరొచ్చి పక్కన కూర్చోండి. నేను ఒక్క గేరు తప్పేస్తే స్కూలు తాళాలు మీ చేతిలో పెట్టేస్తా."

"రోడ్డు మీద ట్యూనింగ్ నేను చెయ్యను."

"ఎందుకని?"

"చెయ్యనంతే."

"రివర్సు వెయ్యమంటే మా స్టూడెంట్లూ ఇదే అంటారు, అచ్చం ఇదే మొహం పెట్టి."

అద్దాల గదిలో ఫోను దగ్గర కూర్చున్న అతని వదిన తలెత్తి చూసింది. మళ్లీ దించుకుంది.

రోడ్డు మీద ట్యూనింగుకి ఇద్దరు కావాలి. ఒకరు నడపాలి, ఒకరు ల్యాప్‌టాప్ చూడాలి. నడిపేవాడు తెర చూడకూడదు. తెర చూసేవాడు ఎలా నడపాలో చెప్పకూడదు. మూడేళ్ల క్రితం దాకా అన్న నడిపేవాడు, అతను తెర చూసేవాడు. యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి పట్టుకుంటేగానీ లెక్క పూర్తిగా రాదు. ఆ రోజు ముందు మలుపు చూసి అన్న కాలు తీయబోయాడు. అతను తెర మీంచి కళ్లు తిప్పకుండా, "ఎత్తకన్నయ్యా, ఇంకొక్క సెకను," అన్నాడు. అన్న ఎత్తలేదు. ఒక్క సెకనే. మలుపు అవతల ఇటుకల లారీ నిలబడి ఉంది.

అతనికి చెయ్యి విరిగి అతుక్కుంది. అన్న పోయాడు.

ఆ ఏడాదే డైనో తెచ్చి షెడ్డులో పెట్టాడు. మళ్లీ ఏ కారులోనూ పక్క సీట్లో కూర్చోలేదు. వదిన అన్నం పెడుతుంది, ఫోనొస్తే అందిస్తుంది, ఫలానా కారు ఫలానా రోజుకి కావాలట అని చెప్తుంది. అంతకు మించి మాట్లాడలేదు. కొన్ని తప్పులకి క్షమాపణ ఉండదు. ఉంటుందని చెప్పేవాళ్లకి పోయినదేమీ ఉండదు.

*

మర్నాడు కారును మళ్లీ రోలర్ల మీద కట్టాడు. మూడుసార్లు పరిగెత్తించాడు. మూడు గ్రాఫులూ ఒక్కలాగే వచ్చాయి. ప్రేమకథల్లో వాన పడుతుంది కాబట్టి అప్పుడూ పడింది. రేకుల మీద ఆ మోతకి ఇద్దరూ గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. అందువల్ల కోపం ఉన్నదానికంటే ఎక్కువగా వినిపించింది.

"చూశారుగా, ఏ లోపం లేదు."

"మంచాన పడుకోబెట్టి నాడి చూస్తున్నారు. అది పరిగెడితే ఆయాసపడుతోందంటున్నాను నేను."

"ఇక్కడైతే గాలి ఒకటే, వేడి ఒకటే. రేపు చూసినా, పైనెల చూసినా అదే లెక్కొస్తుంది. నమ్మొచ్చు. రోడ్డు మీద ఎదురుగాలి, ఎగుడు దిగుడు, కుక్కలు. ఏ లెక్కని నమ్మాలి?"

"నా స్టూడెంట్లకీ కుక్కలే అడ్డొస్తాయండీ. ఫ్యానెవరూ అడ్డం పెట్టరు."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. ఆమె చూసింది.

"నవ్వితే డైనో పాడవుతుందా?"

"మీరు ఆ స్టూలు మీంచి లేవండి ముందు. అది నాది."

ఆమె లేవలేదు. కాసేపటికి గొంతు మారింది.

"మొన్న కొండ మీద నడుపుతున్నది యాభై రెండేళ్ల ఆవిడ. భర్త పోయాక నేర్చుకుంటోంది, ఎవరి మీదా ఆధారపడకూడదని. ముందున్న ట్రాక్టరుని దాటమన్నాను. సగం దాటేసరికి కారు ఊపిరొదిలేసింది. ఎదురుగా బస్సు. నేను బ్రేకేసి, స్టీరింగు లాగి వెనక్కి తెచ్చాను. ఆవిడిప్పుడు స్టీరింగు ముట్టనంటోంది. దాటమన్నది నేనే."

అతను ల్యాప్‌టాప్ మూశాడు.

"రేపు పొద్దున ఆరింటికి కొండ కింద ఉంటాను. ఎనిమిది దాకా ఆ రోడ్డు మీదికి లారీల్ని రానివ్వరు. మీ ఇష్టం."

అతను పట్టీలు విప్పి కారును వీధిలో పెట్టాడు. ఆమె కారు దగ్గరికి వెళ్లింది. అతను గొడుగివ్వచ్చు, ఇవ్వలేదు. తడిచి వెళ్లింది.

అద్దాల గది తలుపు తెరుచుకుంది.

"ఆగిపోయే కారుని రోడ్డు మీదికి పంపించి, గ్రాఫు చూసుకుని కూర్చుంటావా?" అంది వదిన. "పో. వెళ్లి చూడు."

*

కొండ కింద కారు బానెట్ మీద మంచు పట్టి ఉంది. ఆమె ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. అతను గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. తర్వాత అన్న సంగతి చెప్పాడు. మలుపు, తను అన్న మాట, లారీ. ఏదీ దాచలేదు.

ఈ సంగతి విన్న ప్రతివాళ్లూ నీ తప్పేం లేదయ్యా అన్నారు. ఇంత లావు అబద్ధం అంత తేలిగ్గా ఎలా చెప్తారో అతనికి అర్థమయ్యేది కాదు.

ఆమె రోడ్డు కేసి చూస్తూ విన్నది.

"ఆ మాట మీరనకుండా ఉండాల్సింది," అంది.

"అవును."

"టీ చల్లారిపోతోంది. తాగండి."

అతను తాగాడు. మూడేళ్లలో ఒక మనిషి పక్కన అంత తేలిగ్గా నిలబడటం అదే మొదలు. ప్రేమ అక్కడ మొదలైంది. ఆ సంగతి అతనికి నాలుగు రోజుల తర్వాత తెలిసింది. ఇలాంటి విషయాల్లో మగవాడి బుర్ర ఆలస్యం.

"ఇక వినండి," అంది ఆమె, స్టీరింగు ముందు కూర్చుని. "నా కారులో టీచర్ని నేను. ఎప్పుడు తొక్కాలో, ఎప్పుడెత్తాలో నాకొదిలెయ్యండి. మీరు తెర చూడండి, నోరు మూసుకోండి."

మొదటిసారి మూడో గేరులో కారు ఊపందుకుంది. ఉన్నట్టుండి ఇద్దరూ ముందుకి తూలారు.

"ఎవరండీ బ్రేకేసింది?"

అతను తన కాలికేసి చూసుకున్నాడు, అది వేరొకళ్లదైనట్టు.

"సారీ."

"పర్వాలేదు, కొత్త స్టూడెంట్. ఫీజు తర్వాత మాట్లాడుకుందాం."

రెండోసారీ అదే అయింది. ఆమె కారు పక్కకి తీసి ఆపింది. ఈసారి వేళాకోళమాడలేదు.

"కాళ్లు పైకి పెట్టుకోండి."

"ఎక్కడ?"

"సీటు మీద. బాసింపట్టు వేసుకోండి, పుస్తకం ముందు చంటిపిల్లాడిలా. బ్రేకు అందదు."

"నాకు భయంగా ఉంది."

"తెలుస్తోంది. నాకూ ఒకప్పుడు ఉండేది, ఎవరు నడిపినా. కాళ్లు పెట్టండి."

అతను చెప్పులు విడిచి కాళ్లు మడుచుకున్నాడు. ఒళ్లో ల్యాప్‌టాప్. కారు కదిలింది. మలుపు ముందు ఆమె తనంతట తాను కాలెత్తింది. మలుపు దాటాక మళ్లీ తొక్కింది. అతను ఒక్క మాటా అనలేదు.

తెర మీద ఎర్ర గీత లేచింది.

"దొరికింది. ఇంజిన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగే దగ్గర నాకింగ్."

"తెలుగులో చెప్పండి."

"ఇంజిన్ లోపల నిప్పు సరిగ్గా అంటుకోకపోతే టకటక కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వినడానికి ఇంజిన్‌కి ఒక చెవి ఉంటుంది, సెన్సరు. అది వినగానే ఇంజిన్ పగలకుండా కంప్యూటర్ శక్తి తగ్గించేస్తుంది. అందుకే మీకు సగంలో ఊపిరాగింది. నిప్పు కాస్త ఆలస్యం చేస్తాను."

చేశాడు. మళ్లీ ఎక్కారు. ఎర్ర గీత అక్కడే లేచింది. ఇంకా ఆలస్యం చేశాడు. ఇంకోసారి ఎక్కారు. అక్కడే లేచింది. అతను పళ్లు కొరుక్కుంటూ కీలు నొక్కాడు.

"అది మూసెయ్యండి," అంది ఆమె.

"మూస్తే ఎలా?"

"మూసి వినండి. ఆ చెవి కాదు, మీ చెవితో."

ఈసారి తెర మూసి, అద్దం దించి కూర్చున్నాడు. నాలుగు వేల దగ్గర పాదాల కిందనుంచి సన్నగా రేకు చప్పుడు.

"అది ఇంజిన్ది కాదు," అంది ఆమె. "నా కారు గొంతు నాకు తెలుసు. మీ షెడ్డుకి రాకముందు ఈ చప్పుడు లేదు."

కారాపి, అతను తడి నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"నిద్రపోయారా?"

"తప్పు నాదే," అన్న మాట కారు కిందనుంచి వచ్చింది.

పొగగొట్టం మీద వేడికి అడ్డుగా ఒక రేకుంటుంది. డైనో మీద కట్టినప్పుడు అతని పట్టీ కొక్కెం ఆ రేకుని వంచింది. పట్టీ బిగించి ఉన్నంతసేపు రేకు నొక్కుకుపోయి నోరెత్తలేదు. విప్పి రోడ్డెక్కించగానే కొట్టుకుంది. ఇంజిన్ చెవికి అది నాకింగులా వినిపించింది. లేని రోగానికి కంప్యూటర్ వైద్యం చేసింది, కొండ మధ్యలో, బస్సుకి ఎదురుగా. షెడ్డులో నూరుసార్లు చూసినా అది దొరకదు. చూసే ప్రతిసారీ అతనే దాన్ని కట్టేస్తున్నాడు.

రేకు సరిచేసి, తీగతో బిగించి, నిప్పు లెక్క మొదటికి తెచ్చాడు. కారు కొండని ఆగకుండా ఎక్కింది.

"తెర చూడండి," అంది ఆమె.

"చూస్తున్నా."

"తెర నా మొహం మీద లేదు."

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి యాభై రెండేళ్ల ఆవిడ ఇంటికి వెళ్లారు. తప్పు ఆవిడది కాదనీ, కారుది కూడా కాదనీ, తనదనీ అతను గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆవిడ కూర్చోమనలేదు. వారం తర్వాత మాత్రం క్లాసుకొచ్చింది.

*

అప్పట్నుంచి షెడ్డు పద్ధతి మారింది. ముందు డైనో మీద లెక్క వేస్తాడు. అక్కడ తప్పు జరిగినా ప్రాణం పోదు. తర్వాత రోడ్డు మీద ఆ లెక్క నిజమో కాదో చూస్తాడు. నడపడానికి ఆమె వస్తుంది. డైనోనా రోడ్డా అని అడిగినవాళ్లకి, "రెండూ. ఒకటే చాలన్నవాడి దగ్గరికి పోకండి," అని చెప్తాడు.

ఆరు నెలలైంది. ఒకరోజు కొండ పైన, కారులోనే, అడిగాడు.

"పెళ్లి చేసుకుందామా?"

వైపరు రెండుసార్లు తిరిగింది.

"లేను మారే ముందు ఏం చెయ్యాలి?"

"అద్దం చూడాలి."

"వెనకాల మీ వదినగారున్నారు. చూశారా?"

"ఆవిడ నాతో మాట్లాడదు."

"మీరు మాట్లాడారా?"

లేదు. మూడున్నరేళ్లలో ఒక్కసారి కూడా అతను వదిన ఎదురుగా నిలబడి, ఆ మాట అన్నది నేనే అని చెప్పలేదు. పోలీసులకి చెప్పాడు, డాక్టరుకి చెప్పాడు. ఆవిడకి చెప్పలేదు.

"ఆవిడతో మీరు మాట్లాడకుండా నేను అవుననలేను," అంది ఆమె. "నాకు ఇష్టం లేక కాదు. ఇష్టం ఎంతుందో మీకు తెలుసు. ఆవిడని దాటుకుని ఆ ఇంట్లోకి రాలేను."

*

వదిన ఉతికిన బట్టలు మడత పెడుతోంది. అతను గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు. "అన్నయ్య కాలు తీయబోయాడు వదినా. నేనే ఎత్తొద్దన్నాను."

"తెలుసు," అంది ఆవిడ. "ఆసుపత్రిలో మత్తులో రాత్రంతా అదే అరిచావు. నువ్వు తెలివిగా ఉండి ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నాను. ఇన్నేళ్లు పట్టింది."

అతను తలెత్తలేదు.

"నేను క్షమించలేదు. క్షమిస్తానని ఆశ పెట్టుకోకు."

"పెట్టుకోను."

"ఆ అమ్మాయి సంగతి చెప్పడానికొచ్చావు కదూ?"

"అవును వదినా."

వదిన చేతిలో చీర మడత పూర్తి చేసింది. బీరువాలో పెట్టింది. కొంగు సర్దుకుంది.

"వాళ్లింటికెళ్లి పిల్లనడగాల్సింది పెద్దవాళ్లు. ఈ ఇంట్లో ఇంకెవరున్నారు పెద్ద? నేనే అడగాలి. పద."

మూడున్నరేళ్లుగా ఆవిడ ఎక్కడికెళ్లినా కారెక్కకుండా బస్సులోనో ఆటోలోనో వెళ్లింది, వానలో అయినా, జ్వరంతో అయినా. అతను వీధిలోకొచ్చి, ఆటో కోసం రోడ్డు చివరికి చూశాడు. వెనక కారు తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే వదిన అతని కారులో ముందు సీట్లో కూర్చుని బెల్టు లాక్కుంటోంది. బెల్టు పడలేదు. రెండోసారికి పడింది.

అతను వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళంచెవి దొరకబుచ్చుకోవడానికి కాస్త సేపు పట్టింది.

వదిన అతనికేసి చూడలేదు. రోడ్డుకేసి చూసింది.

"నెమ్మదిగా పోనీ," అంది.