గల్లీ సైరన్ మాయమైన శుక్రవారం

శనివారం పొద్దున అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వాళ్ళు కరపత్రాలు పట్టుకుని దారికి అడ్డం పడుతున్న వేళ, జిరాక్స్ షాపు పైనున్న వసుమతి డిటెక్టివ్ ఏజెన్సీ మెట్లు ఎవరో గబగబా ఎక్కి వస్తున్నారు. గుమ్మం దగ్గర చాయ్ తాగుతున్న అబ్దుల్‌కి ఆ అడుగుల్లోనే భయం వినిపించింది. ఏళ్ళ తరబడి ఆటో తోలినవాడు కదా, మనిషి ఏ తొందరలో ఉన్నదీ నడకను బట్టే చెప్పేస్తాడు. ఇప్పుడు ఆటో అమ్మేసి వసుమతి దగ్గర సహాయకుడిగా ఉంటున్నాడు. మేడం బుర్రలాంటి బుర్ర హైదరాబాదు మొత్తంలో లేదని అతని గట్టి నమ్మకం. ఆ సంగతి ఇంట్లో రోజూ చెప్పి భార్య చేత తిట్లు తింటుంటాడు.

వచ్చినావిడ రేష్మా. ముప్పై దాటని మనిషి, బురఖా పైకెత్తి నుదుటి చెమట తుడుచుకుంది.

“అక్కా, నన్ను దొంగ అంటున్నరు,” అంది నిలబడే.

వసుమతి అప్పుడే వెంకటేశ్వరస్వామి పటం ముందు అగరువత్తి గుచ్చి వచ్చింది. “ముందు కూర్చో తల్లీ. అబ్దుల్ భాయ్, ఇంకో చాయ్. ఏం పోయింది?”

“సైరన్.”

రేష్మా చెప్పిన సంగతి ఇది. పంజాగుట్ట వైపు పోయే సందుల్లో వాళ్ళది ఒక గల్లీ. అక్కడి ఆడవాళ్ళంతా కలిసి అక్కచెల్లెళ్ళ సంఘం పెట్టుకున్నారు. ఆడవాళ్ళ మీద, ఆడపిల్లల మీద చెయ్యి లేవకముందే ఆపే పనులకని బస్తీ సంఘాలకు ఒక సంస్థ గ్రాంటు ఇస్తుంటే, పోయినేడు వీళ్ళకూ వచ్చింది. దాంతో గల్లీ మలుపులో లైట్లు పెట్టించారు, హాస్టల్ మగపిల్లలను కూర్చోబెట్టి మాట్లాడించారు, చేత్తో తిప్పే సైరన్ ఒకటి కొన్నారు. పెద్ద గుమ్మడికాయంత ఇనుప సైరన్. ఏ ఇంట్లోనైనా ఆడమనిషి అరుపు వినిపిస్తే, ఏ పిల్ల వెంటైనా ఎవడైనా పడితే, దాన్ని తిప్పాలి. అందరూ బయటికొచ్చి ఆ గుమ్మం ముందు నిలబడాలి. అంతే.

“సైరన్ దాకా రాలేని వాళ్ళుంటరు గదా,” అంది రేష్మా. “వాళ్ళు పక్కింటికి పోయి చెంచాడు పెరుగు అడగాలె. అడిగితే ఆ ఇంటామె పెరుగు గిన్నె పట్టుకొని, అడిగినామె ఇంటికొచ్చి కూసోవాలె. మొగోడికి అనుమానం రాదు, ఇంట్ల లొల్లి ఆగుతది. గా ఉపాయం నాదే అక్కా.”

“బంగారంలాంటి ఉపాయం,” అంది వసుమతి. “తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“నా దగ్గరే. పొద్దుగూకినంక మగ్రిబ్ నమాజుకు పోయేటప్పుడు మాత్రం సీతామహాలక్ష్మమ్మకు ఇచ్చి పోతా. సంఘం ప్రెసిడెంట్. ఎదురు ఫ్లాటే ఆమెది. నిన్న సుత ఇచ్చిన, వచ్చినంక తీసుకున్న. పొద్దుగాల గది తీస్తే సైరన్ లేదు. తాళం మంచిగనే ఉంది. అమ్మనైతే ఎవరూ అనరు, ఆమె దేవత లెక్క. మిగిలింది నేనే గదా? మా మరిది తుక్కు దుకాణంల నేనే అమ్మేసిన్నట, గట్ల అంటున్నరు. ఇయ్యాల నాలుగింటికి గ్రాంటోళ్ళు చూడనీకి వస్తున్నరు. సైరన్ లేకుంటే వచ్చే యేడు గ్రాంటు ఉండదు. నన్ను సంఘంల నుంచి తీసేస్తరు. ఆ గల్లీల నేను తలెత్తుకొని ఎట్ల తిరగాలె?”

“మనకు నాలుగింటి దాకా టైముందిగా,” అంటూ వసుమతి చెప్పులు వేసుకుంది. “పద.”

* * *

గల్లీలో ఆ మేడ నాలుగంతస్తులది. కింద యజమాని మహిపాల్ ఇల్లు, పక్కన బట్టలు కుట్టే రాజమ్మ ఇల్లు. మొదటి అంతస్తులో ఒక పక్క సంఘం గది, ఎదురుగా సీతామహాలక్ష్మి ఫ్లాటు. ఆ పైన రెండంతస్తులూ మగపిల్లల హాస్టల్.

మహిపాల్ గేటు దగ్గర కుర్చీలో బనీనుతో కూర్చుని ఉన్నాడు. డిటెక్టివ్ అనగానే లేచి చొక్కా తొడుక్కొచ్చాడు.

“నా మీద డౌటా మేడం? సైరన్ మోగితే మా హాస్టల్ పోరగాండ్లు పరీక్షలని గోల చేస్తరు, నిజమే. నేను సుత రెండుసార్లు కొట్లాడిన. గంతమాత్రాన ఎత్తుకపోతనా?”

“నిన్న సందె వేళ ఎక్కడున్నారు?”

“ఈ కుర్చీలనే. కరెంటు పోయింది, గాలికి కూసున్న. చీకటి పడ్డంక రేష్మా వచ్చి తాళంచెవి తీసుకొని పోయేదాకా లేవలే. రాత్రి గేటుకు తాళమేస్త.”

“మెట్లు దిగి ఎవరైనా బరువు మోసుకొచ్చారా?”

“సూది సుత పోలే మేడం. మీద హాస్టల్ గ్రిల్‌కు తాళం, పిల్లలంతా క్లాసులల్ల. మంజూష ఒక్కతే దిగింది, సీతమ్మగారి కోడలు. చేతులల్ల ఖాళీ గిన్నె ఉండె.”

వసుమతి తలూపి, రాజమ్మ గుమ్మంలోకి తొంగి చూసింది. రాజమ్మ కుట్టుమిషను ఆపకుండానే మాట్లాడింది.

“రేష్మా దొంగతనం చెయ్యది బిడ్డా, నేనైతే నమ్మ. నిన్న గ్రాంటోళ్ళు వస్తరన్న హడావిడిల అందరికీ మతులు పోయినయి. గా మంజూషను చూడు, చదువుకున్న పిల్ల! దీపాలు పెట్టినంక వచ్చి చెంచాడు పెరుగియ్యమంటది. శుక్రవారం పూట! లక్ష్మి పోదా ఇంట్లకెల్లి? పొద్దుగాల రమ్మన్న. పక్కన రెండిండ్లల్ల సుత గదే మాట చెప్పి పంపిన్రట.” రాజమ్మ పకపకా నవ్వింది. “అత్త అంత భక్తురాలు, కోడలికి గింత తెల్వదు!”

అబ్దుల్ కూడా నవ్వాడు. వసుమతి మాత్రం నవ్వలేదు.

* * *

సీతామహాలక్ష్మి అరవై దాటిన మనిషి. పెద్ద బొట్టు, నూలు చీర, నిదానమైన మాట. సంఘం మొదలుపెట్టిందే ఆవిడ. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

“రేష్మా అలాంటిది కాదని నేనూ అంటూనే ఉన్నానమ్మా,” అంది, కళ్ళు మాత్రం నేలమీదే. “తాళంచెవి దేవుడి దగ్గర పెట్టాను. ఆ పిల్ల వచ్చి అడిగితే ఇచ్చాను.”

“మధ్యలో ఎవరైనా తీశారేమో?”

“స్నానం చెయ్యకుండా నా దేవుడి గదిలోకి ఎవరూ రారు.”

“చూడచ్చా?”

ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి దారి ఇచ్చింది. వసుమతి గడప దగ్గరే ఆగి చేతులు జోడించింది. అబ్దుల్ ఆమె వెనకాల, చెప్పులు విడిచి మర్యాదగా నిలబడ్డాడు. ఆ పొద్దున పెట్టిన చామంతులతో గది కళకళలాడుతోంది. పటాలకు, దీపపు కుందులకు, చేతిగంటకు, ఆఖరికి గోడమీద కేలండరుకు కూడా కుంకుమ బొట్టు, పువ్వు. మూలన ఎర్ర పట్టుగుడ్డ కప్పి పీఠంలాంటిది ఒకటుంది.

కోడలు మంజూష మజ్జిగ తెచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. కుడిచేతి నిండా ఆకుపచ్చ గాజులు. ఎడమ చేతిని పైట కింద దాచుకుని, పళ్ళెం ఒంటిచేత్తో పట్టుకుంది.

“చిక్కగా ఉందమ్మా. పెరుగు ఇంట్లోనే తోడేస్తారా?” అంది వసుమతి.

“రోజూ రెండు గిన్నెలండీ. అత్తయ్యగారు ప్యాకెట్ పెరుగు గుమ్మం తొక్కనివ్వరు.” ఖాళీ గ్లాసు అందుకోబోతూ మంజూష చేయి మార్చింది. ఎడమ మణికట్టు మీద గాజులు లేవు. సన్నటి ఎర్ర గీతలున్నాయి.

లోపలి గదిలోంచి మగ గొంతు వినిపించింది. “మంజూ, నా ఛార్జరేదీ?” ఆ పిల్ల ఉలిక్కిపడిన తీరు చూసి అబ్దుల్ మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. అతను వంశీధర్, సీతామహాలక్ష్మి కొడుకు. కోచింగ్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెబుతాడు.

బయటికొచ్చాక అబ్దుల్ గొంతు తగ్గించాడు. “మేడం, నాకు మీ పూజలు తెల్వవు. కానీ పెద్దమ్మ గంటకు సుత పువ్వు పెట్టింది. గా ఎర్ర గుడ్డ కప్పినదానికి మాత్రం పెట్టలే. మర్చిపోయిందంటరా?”

వసుమతి ఆగి అతన్ని చూసింది. “అలాంటివాళ్ళు మర్చిపోతారా అబ్దుల్ భాయ్?”

చెత్తబుట్ట పట్టుకుని మంజూష మెట్ల మీదికి వచ్చింది. వసుమతి దగ్గరికెళ్ళి ఏదో అడిగింది. ఆ పిల్ల చెత్తబుట్ట కింద పెట్టింది. గట్టిగా తలూపింది. ఆ అడిగిందేమిటో అబ్దుల్‌కి వినబడలేదు గాని, మేడం ముఖం చూసి మాత్రం కేసు తేలిపోయిందని అర్థమైంది.

* * *

మూడున్నరకు అందరూ సంఘం గదిలో కూడారు. రేష్మా తలుపు పక్కన ఒదిగి నిలబడింది. పరీక్ష పేపర్లు దిద్దాలని గొణుగుతూ వంశీధర్ గోడకానుకున్నాడు. “సైరన్ పోతే డిటెక్టివా? రేపు చీపురు పోతే సీబీఐని పిలుస్తారేమో,” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

“సైరన్ పోలేదు బాబూ,” అంది వసుమతి. “ఈ అంతస్తు దాటలేదు. మహిపాల్ గారు గేటు వదల్లేదు, ఏదీ కిందికి దిగలేదు. పైన గ్రిల్‌కు తాళం. ఇక మిగిలింది ఈ గది, ఎదురు ఫ్లాటు.”

“అంటే మా అమ్మనా?” వంశీధర్ గొంతు లేచింది.

“కాసేపు ఆగు. నాకు ముందు సైరన్ కంటే పెరుగు మీద అనుమానం వచ్చింది. రాజమ్మా, నిన్న మంజూష పెరుగు అడిగితే నవ్వావు. వాళ్ళింట్లో రోజూ రెండు గిన్నెలు తోడేస్తారు. దేనికి అడిగినట్టు?”

రాజమ్మ నోరు తెరిచింది. రేష్మా చెయ్యి నోటికి పోయింది. “యా అల్లా! పెరుగంటే మన గుర్తు గదా!”

“అదే. మీరు గుర్తు పెట్టుకున్నారు గాని వారంలో శుక్రవారం ఒకటుందని మరిచారు. దీపాలు పెట్టాక పెరుగు బయటికివ్వం. నేనూ ఇవ్వను, మా అమ్మా ఇవ్వలేదు. అందుకే మూడిళ్ళలోనూ రేపు రమ్మన్నారు. లక్ష్మి పోతుందన్న భయంతో నిన్న మనం గుమ్మంలోంచి తిప్పి పంపింది ఎవర్ని, అని పొద్దుటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను.”

వసుమతి మంజూష వైపు తిరిగింది. “నీ సంగతి నలుగురిలో చెప్పమంటావా అని మెట్ల మీద అడిగాను. ఇప్పటికీ సరేనా?”

“నిన్న మూడు తలుపులు తట్టింది చెప్పడానికే కదండీ,” అంది మంజూష. పైట తీసి ఎడమ చెయ్యి అందరికీ కనిపించేలా పట్టుకుంది. “మెలిపెడితే గాజులు పగిలాయి. చెంప మీద కూడా కొట్టారు. ఇది రెండోసారి. గ్రాంటు వాళ్ళ ముందు సైరన్ తిప్పుతానని ఆయనతో అన్నాను. అత్తయ్యగారు విన్నారు.”

“ఈ పిల్ల గిన్నె పట్టుకుని దిగాక,” అంది వసుమతి, “తాళంచెవి దగ్గరున్న మనిషి ఒక్కరే. మర్నాడు ఊరందరి ముందూ ఆ సైరన్ తన గుమ్మానికే మోగుతుందని భయపడిన మనిషీ ఆవిడే. నాలుగడుగులు దాటితే దేవుడి గది, అక్కడ వెతికే ధైర్యం ఎవరికీ ఉండదు. కానీ అమ్మా, మీరు గంటకూ కేలండరుకూ పువ్వు పెట్టి ఆ ఎర్ర పట్టుగుడ్డ మీద పెట్టలేకపోయారు. దాచిన వస్తువుకు పూజ చెయ్యడానికి మీ చెయ్యి రాలేదు. అది మొదట చూసింది మా అబ్దుల్ భాయ్.”

అబ్దుల్ గర్వంగా దగ్గాడు.

సీతామహాలక్ష్మి లేచి నిలబడింది. కాదంటుందేమోనని అందరూ చూశారు. ఆవిడ ఎదురు ఫ్లాట్లోకి వెళ్ళి, సైరన్‌ను రెండు చేతులా ఎత్తుకుని ఆయాసపడుతూ తిరిగొచ్చింది. ముందుగా రేష్మా ముందు ఆగింది.

“నిన్ను దొంగ అంటుంటే విని ఊరుకున్నాను. ఆ పాపం నాది. నలుగురి ఇళ్ళ ముందు నిలబడి నీతులు చెప్పాను, నా ఇంటి దగ్గరికొచ్చేసరికి పరువు అడ్డమొచ్చింది. నన్ను క్షమించు తల్లీ.”

“అట్లనకండ్రి అమ్మా,” అని రేష్మా ఏడ్చేసింది. ఏడుస్తూనే సైరన్ బరువు అందుకుంది. మహిపాల్ తల గోక్కున్నాడు. “తుక్కు దుకాణం మాట నేనే అన్న రేష్మా, మాఫ్ చెయ్యి.”

“అమ్మా, ఇంట్లో విషయం ఇలా వీధిలో...” వంశీధర్ మొదలుపెట్టాడు.

“నోర్ముయ్యరా,” అంది తల్లి. “మంజూషా, తిప్పు.”

మంజూష పిడి పట్టుకుంది. మొదట మూలిగినట్టు లేచిన చప్పుడు క్షణంలో గల్లీ నిండిపోయింది. తలుపులు తెరుచుకున్నాయి. గరిటెలతో, తడి చేతులతో, సగం జడలతో ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి మెట్లు నింపేశారు. హాస్టల్ కుర్రాళ్ళు పుస్తకాలతోనే కిందికి దిగారు. అప్పుడే గేటు దాటిన గ్రాంటు వాళ్ళిద్దరూ చెవులు మూసుకుని గుంపులో ఇరుక్కుపోయారు. అంతా ఎవరి గుమ్మం వైపు తిరిగారో చూసి వంశీధర్ ముఖం పాలిపోయింది.

చప్పుడు ఆగాక గ్రాంటు వాళ్ళిద్దరిలో చిన్నావిడ అడిగింది. “డెమో బాగుందండీ. ఈ ఏడాది నిజంగా ఎక్కడైనా అవసరమైందా?”

“అయింది,” అంది సీతామహాలక్ష్మి. “ప్రెసిడెంటు ఇంట్లోనే. కూర్చోండి, అంతా చెబుతాను. నా తప్పుతో సహా.” తరువాత మహిపాల్ వైపు తిరిగింది. “మహిపాల్, బేగంపేట దగ్గర నీకింకో హాస్టల్ ఉందన్నావే, మంచం ఖాళీ ఉందా?”

“ఉందమ్మా. గదికి ఆరుగురు, బాత్రూం కాడ జర లైను కట్టాలె.”

“మావాడికివ్వు. ఇవాళ్టి నుంచే.”

హాస్టల్ కుర్రాళ్ళలో వంశీధర్ శిష్యుడొకడు కిసుక్కున నవ్వి, సార్ చూడగానే పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు. వంశీధర్ చుట్టూ చూశాడు. మెట్ల మీద ఒక్క ముఖమూ పక్కకు తిరగలేదు.

“ఎన్నాళ్ళమ్మా?” అన్నాడు సన్నగా.

“నన్నడుగుతావేంట్రా?”

అందరూ మంజూష వైపు చూశారు.

“అత్తయ్యా, పెద్ద బ్యాగే తీసుకెళ్ళమనండి,” అంది.