సర్వర్ గది పెద్దాయన

మెట్ల కింద గదిలో రాత్రిపూట డిస్కు మార్చకూడదు. ఆ స్కాన్ సెంటర్లో కొత్తగా చేరినవాళ్ళకి జీతం ఎంతో చెప్పకముందే ఈ మాట చెప్పేవాళ్ళు.

గది చూస్తే ఏమంత భయపెట్టేది కాదు. ఒకప్పుడు చీపుర్లూ, ఫినాయిల్ డబ్బాలూ పెట్టుకున్న చోటు. తల వంచి లోపలికి వెళ్ళాలి. ఒక ఏసీ, ఒక మడత కుర్చీ, గోడవారగా ఒక సర్వర్. దానికి ముందువైపు నాలుగు అరలు, అరకొక హార్డ్ డిస్కు, డిస్కుకొక చిన్న పచ్చ దీపం. ఎవరి ఊపిరితిత్తుల్లో ఏముందో, ఎవరి వెన్నుపూస ఎక్కడ అరిగిందో, పదేళ్ళ స్కాన్లన్నీ ఆ నాలుగు డిస్కుల్లోనే ఉన్నాయి.

ఆ గది చూసుకునే పెద్దాయన ఒక రాత్రి పాడైన డిస్కు మార్చి, కొత్తదానిలోకి సమాచారమంతా నిండేదాకా చూద్దామని మడత కుర్చీలో కూర్చున్నాడు. తెల్లారి వాచ్‌మన్ వెళ్ళి పిలిస్తే... పలకలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

అంతకుముందు ఆయన మూడుసార్లు మేనేజర్ దగ్గరికి వెళ్ళాడట. "ఇవి ఇళ్ళల్లో కంప్యూటర్లకి పెట్టుకునే డిస్కులండీ. సర్వర్ కోసం వేరే రకం చేస్తారు. అవి తెప్పించండి," అని అడిగాడట. మేనేజర్ మూడుసార్లూ టీ ఇప్పించి పంపేశాడట.

ఆయన పోయిన దగ్గర్నుంచీ మొదలైంది.

రాత్రి రెండు దాటాక గదిలోంచి చప్పుడు. టిక్... టిక్... టిక్... తర్వాత ఎవరో నిట్టూర్చినట్టు ఓ సన్నటి ధ్వని. తెల్లారి చూస్తే ఏదో ఒక అరలో దీపం ఎర్రబడి, డిస్కు చచ్చి ఉండేది.

చావడం వింత కాదు. దాన్ని షాపుకి పంపితే అక్కడ లేచి కూర్చునేది! "దీనికేమైందండీ, నిక్షేపంలా ఉంది," అని షాపువాడు తిప్పి పంపేవాడు. అలా ఇక్కడ చచ్చి అక్కడ బతికిన డిస్కులు ఐదు, రిసెప్షన్ బీరువాలో చేరాయి. వాటిని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

మేనేజర్‌కి మాత్రం ఇది బాగా కలిసొచ్చింది. "డిస్కులు మంచివే... గదే మంచిది కాదు," అని గొంతు తగ్గించి అందరికీ చెప్పేవాడు. నేరం దెయ్యం మీదికి పోతే తన కొనుగోలు మీద వేలెత్తి చూపేదెవరు? కాకపోతే చెప్పీ చెప్పీ చివరికి తనే నమ్మేశాడు. సాయంత్రం ఆరు దాటితే మెట్లవైపు పోకుండా లిఫ్టు ఎక్కేవాడు, కూర్చునేది మొదటి అంతస్తులోనే అయినా.

పెద్దాయన స్థానంలో వచ్చినావిడని అందరూ సర్వరమ్మ అనేవాళ్ళు. ముప్పై ఐదేళ్ళుంటాయి. నోరు కాస్త జాస్తి. దెయ్యాల మీద నమ్మకం లేదు. అంటే, పగటిపూట లేదు.

ఆమె చేరిన రెండో నెలలో ఒక ఉదయం మూడో అరలో దీపం ఎర్రబడి కనిపించింది. నాలుగు డిస్కుల్లో ఒకటి పోతే ఫరవాలేదు. మిగతా మూడూ కలిసి దాని సరుకంతా కొత్త డిస్కులోకి నింపగలవు. ఆ నింపడం పూర్తయ్యేలోపు ఇంకొకటి పోయిందా — పదేళ్ళ స్కాన్లూ పోయినట్టే. పగలు స్కాన్ యంత్రాలు ఊపిరి తీసుకోనివ్వవు కాబట్టి, అందరూ వద్దన్నా ఈ పని రాత్రే చెయ్యాలి.

పదకొండింటికి కొత్త డిస్కు పెట్టి, మడత కుర్చీలో కూర్చుంది సర్వరమ్మ. పదిహేను శాతం... నలభై శాతం... ఏసీ గుర్రుగుర్రుమంటోంది. వాచ్‌మన్ బాబాయ్ గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వినిపించనట్టు ఊరుకున్నాడు.

ఒంటిగంటన్నరకి ఫోను మోగింది. వేరే ఊళ్ళో ఆస్పత్రిలో ఉన్న అక్క.

"నిద్ర పట్టట్లేదే," అంది అక్క, పక్క మంచం వాళ్ళు లేస్తారని గుసగుసగా. "ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారుగా. అది పాతదే అయి, పెరగకుండా ఉంటే కొయ్యక్కర్లేదట. పాత స్కాన్ చూపించమన్నారు. ఆ ఫిల్ము ఇంట్లో ఉందనుకున్నా. మీ బావ ఇల్లంతా తిరగేశాడు, లేదు. రేపు పదింటిలోగా చూపించకపోతే ఎల్లుండే ఆపరేషన్..."

"రెండేళ్ళ కిందట తీయించింది మా సెంటర్లోనే కదక్కా. సర్వర్లో ఉంటుంది. ఇప్పుడే పంపిస్తా, నువ్వు పడుకో."

ఫోను పెట్టేసి అక్క పేరు కొట్టింది. జాబితాలో కనిపించింది. తేదీ కూడా ఉంది. నొక్కింది.

తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది... తిరుగుతోంది...

టిక్.

సర్వరమ్మ చెయ్యి ఆగిపోయింది.

టిక్... టిక్... టిక్...

సన్నటి నిట్టూర్పు. రెండో అరలో పచ్చ దీపం ఆరింది. ఎర్రది వెలిగింది. నింపడం డెబ్బై ఒక్క శాతం దగ్గర నిలిచిపోయింది. అక్క పేరుతో సహా జాబితా మొత్తం తెరమీంచి మాయమైంది.

"వచ్చాడమ్మా..." గుమ్మం దగ్గర్నుంచి గుసగుస.

"ఎవరు బాబాయ్?"

"ముందు మీరు లేవండి... అది ఆయన కుర్చీ."

దిగ్గున లేచింది. ఉన్నవి రెండు డిస్కులు. రెండింటితో ఏదీ తిరిగి రాదు. రేపు పదింటికి అక్క ఏం చూపిస్తుంది? పెరగని మచ్చ కోసం ఛాతీ కోస్తే? భయం పోయి అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. ఖాళీ కుర్చీవైపు తిరిగింది.

"పెద్దాయనా! మీకు మేనేజర్ మీద కోపముంటే మేనేజర్ ఇంటికి వెళ్ళండి. మా అక్క ఏం చేసింది మిమ్మల్ని?"



విసురుగా రెండో అరలోంచి డిస్కు బయటికి లాగింది. అంతే — చచ్చిన డిస్కు ఆమె చేతిలో గింజుకుంది!

వెచ్చగా ఉంది. పక్కకి తిప్పబోతే ఎదురు తిరుగుతోంది. వాచ్‌మన్ నాలుగడుగులు వెనక్కి వేశాడు. సర్వరమ్మకి దాన్ని అవతల పారెయ్యాలనిపించింది. కానీ అందులో అక్క ఉంది. గట్టిగా గుండెలకి అదుముకుంది. లోపల ఏదో గిర్రున తిరిగి, నెమ్మదిగా ఆగింది.

చచ్చినది ఎందుకు తిరుగుతోంది?

షాపులో ఎందుకు బతుకుతాయి ఇవి? షాపులో ఏముంది... మామూలు కంప్యూటరు. అంతేగా?

ఒక్క పరుగున రిసెప్షన్‌కి వెళ్ళి, అక్కడి మామూలు కంప్యూటరుకి ఆ డిస్కు తగిలించింది. మొదటి నుంచి చివరి దాకా చదవమంది. చక్కగా చదువుకుంటూ పోయింది. ఒక్కచోట ఆగింది. టిక్... టిక్... గోడ గడియారం చూస్తూ నిలబడింది సర్వరమ్మ. పది సెకన్లు. అర నిమిషం. నిమిషం... నిమిషమున్నర... ఆ చోటు కూడా చదివేసి డిస్కు ముందుకు సాగిపోయింది.

అప్పుడు తెలిసింది ఆమెకి పెద్దాయన మూడుసార్లు ఎందుకు వెళ్ళాడో.

ఇంటి కంప్యూటర్లో డిస్కు ఒంటరిది. ఒక చోటు చదవడం కష్టమైతే అడగడానికి పక్కన ఎవరూ లేరు. అందుకని మొండికేసి నిమిషమైనా, రెండు నిమిషాలైనా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఇంట్లో అది సుగుణం. సర్వర్‌కి అంత ఓపిక లేదు. పిలిచి ఎనిమిది సెకన్లు చూస్తుంది. పలకకపోతే పోయిందని రాసుకుని వరసలోంచి తీసేస్తుంది. సర్వర్ కోసం చేసిన డిస్కుకి ఈ సంగతి తెలుసు. ఏడో సెకనులోనే "ఈ ముక్క నాకు అందట్లేదు, పక్కవాళ్ళనడుగు" అని చెప్పేసి తన పని తను చూసుకుంటుంది. ఇక రాత్రి రెండింటి మహత్యం — ఆ టైముకి సర్వర్ రోజూ డిస్కులన్నిటినీ మూలమూలా తనిఖీ చేసుకుంటుంది, కొత్త డిస్కు నింపేటప్పుడు ఏ టైముకైనా అంతే. కష్టమైన చోట్లు అప్పుడే తగులుతాయి.

ఆ గదిలో ఏ డిస్కూ చావలేదు. పని చేసుకుంటున్నవాటిని పట్టుకుని చచ్చాయన్నారు.

బీరువా తెరిచి ఆ ఐదింటిలో ఒకటి తీసింది. రెండో అర డిస్కులో ఉన్నదంతా దానిలోకి అచ్చుగుద్దినట్టు ఎక్కించమంది. మూడు గంటలు పట్టింది. మొరాయించిన చోటు మళ్ళీ మొరాయించింది. తొందరపెట్టేవాళ్ళెవరూ లేరు కాబట్టి చివరికి అది కూడా ఇచ్చేసింది. దాన్ని తీసుకెళ్ళి రెండో అరలో పెట్టి, ఇది పాతదే, చేర్చుకో అని సర్వర్‌కి చెప్పింది. సర్వర్ చాలాసేపు ఆలోచించింది.

పచ్చ దీపం.

ఆరు కావస్తుండగా అక్క స్కాన్ తెరుచుకుంది. నిన్న అక్క ఫోనుకి పంపిన కొత్త స్కాన్ పక్కన పెట్టి చూసింది. మచ్చ ఇప్పుడు ఆరు మిల్లీమీటర్లు. రెండేళ్ళ కిందటా ఆరే. తను డాక్టరు కాదు, అయినా ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూనే అక్కకి ఫోను చేసింది.

"ఏడుస్తున్నావెందుకే? పెరిగిందా? చెప్పు..."

"లేదక్కా. ఆరే. అప్పుడూ ఆరే. పంపించేశా... డాక్టరుకి చూపించు."

అవతల అక్క కూడా ఏడ్చింది. పదిన్నరకి డాక్టరు కూడా ఆ మాటే చెప్పాడు, ఆపరేషన్ అక్కర్లేదని.

పదకొండింటికి మేనేజర్ వచ్చాడు. సర్వరమ్మ కళ్ళు నులుముకుంటూ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. టీ తాగుతూ శ్రద్ధగా విన్నాడు. ముఖం వెలిగిపోయింది.

"అంటే మన డిస్కులన్నీ బతికే ఉన్నాయంటావు?"

"అవును సార్. అందుకే సర్వర్ రకం..."

"నేను మొదట్నుంచీ చెప్తున్నది అదేగా! సరుకు మంచిదని. ఇంకేం, బీరువాలోవి కూడా మళ్ళీ వాడేసుకో. ఆ ఖరీదైనవి వచ్చే ఏడాది చూద్దాంలే."

సర్వరమ్మ తెల్లవార్లూ కూర్చుని తెలుసుకున్న నిజం, ఒక కప్పు టీ చల్లారేలోపు ఆయనకి ప్రశంసాపత్రమైపోయింది. పెద్దాయన మూడుసార్లు తాగిన టీ ఎంత చేదుగా ఉండి ఉంటుందో అనుకుంది. మనసులోనే ఆయనకి క్షమాపణ చెప్పుకుని, గొంతు తగ్గించింది.

"అలాగే సార్... ఇంకో మాట. రాత్రి ఆయన మిమ్మల్నడిగారు."

"ఎవరు?"

"ఆ కుర్చీలో... ఆయనే. మీ గది ఇంకా ఆ అంతస్తులోనేనా అని అడిగారు."

మేనేజర్ కప్పు బల్ల మీద పెట్టేశాడు. ఇంకా ఇంటికెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అబద్ధమాడని ఆ పెద్దమనిషి నేల చూపులు చూస్తూ తలూపాడు.

"లిఫ్టు పని చేస్తుందా అని కూడా అడిగాడు సార్..."

మేనేజర్ అప్పుడే పెన్ను తీసి ఆర్డరు ఫారం నింపాడు. సర్వర్ రకం డిస్కులు నాలుగు, అదనంగా ఇంకో రెండు. కారణం అన్న గడిలో "సాంకేతిక అవసరం" అని రాశాడు. ఎప్పటిలోగా కావాలి అన్న గడిలో తేదీ వెయ్యలేదు. "చీకటి పడేలోపు" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.